పాలు పొంగిన పేజీ

“ఇందులో కూడా రాత ఉంది,” అన్నాడు స్కానింగ్ ఆపరేటరు, పుస్తకాన్ని గాజు పలక కింద సర్దుతూ.

“ఉంటుంది,” అంది నవలాకారుడి భార్య. తుడిచిన ఇంకో పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, జారిపోతున్న పెన్సిలును కొప్పులోకి దోపుకుంది. ఆవిడ కొప్పులో ఎప్పుడూ ఒక పెన్సిలు ఉంటుంది. సరుకుల జాబితా రాసుకోవడానికి కాబోలు అనుకున్నాడతను.

పేరుమోసిన ఆ నవలాకారుడు పోయి తొమ్మిదేళ్ళయింది. ఇంట్లో ఆయన అలమారాల్లో ఉన్న పుస్తకాలు నాలుగు వందలు. లైబ్రరీ వాళ్ళ షరతు ఒక్కటే. ఆయన చేతిరాత ఉన్నవాటిని స్కాన్ చేసి చల్లటి గదిలో భద్రపరుస్తారు, లేనివి పాత పుస్తకాల దుకాణానికి పోతాయి. అది విన్న రోజు ఆవిడ, “ఒక్కటి కూడా పోనివ్వను,” అంది. అప్పటి నుంచి రోజుకు పదేసి పుస్తకాలు తనే తుడిచి తెచ్చి ఇస్తోంది. మూడు వారాలైనా రాతలేని పుస్తకం ఒక్కటీ రాలేదు.

అదే అతనికి మింగుడు పడలేదు. ఎంత చదువరి అయితే మాత్రం ప్రతి పుస్తకంలోనూ రాస్తాడా? రేపు ఇవన్నీ దొంగ రాతలని తేలితే మొదట ఊడేది తన ఉద్యోగమే. భయం వేసి ప్రొఫెసరును పిలిపించాడు. ముప్పై ఏళ్ళుగా ఆ నవలల మీదే బతుకుతున్న మనిషి ఆయన.

ప్రొఫెసరు నవలల రాతప్రతులు పక్కన పెట్టుకుని, భూతద్దంతో ఒక పూటంతా చూశాడు.

“సందేహమే లేదయ్యా. ఆయన పెద్ద నవల ముగింపును రెండుసార్లు కొట్టేసి, మూడోసారి రాసిన చెయ్యే ఇది. ఆ కొట్టివేత చూడు, ఎంత కసిగా ఉందో!”

ఒక పేజీ దగ్గర ఆయన ఆగిపోయాడు. మార్జిన్‌లో, “పాలు పొంగిపోయాయి. ఇక్కడ ఆపాను,” అని ఉంది.

“సృజన కట్టలు తెంచుకున్న క్షణం!” అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. “దీని మీదే ఒక వ్యాసం రాస్తాను.”

“రాసుకోండి,” అంది ఆవిడ.

ప్రొఫెసరు ధ్రువపత్రం మీద సంతకం పెట్టి వెళ్ళాడు. ఆపరేటరుకు ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత ఇంకేమీ అనుమానించకుండా పని చేసుకుపోయాడు.

చివరి రోజు చివరి పుస్తకం ఒక సన్నటి నీలం అట్ట నవల. “ఈ రచయిత ఆడవాళ్ళతో ఒక్కసారైనా మాట్లాడితే బాగుండు,” అని పదహారో పేజీలో పెన్సిలు రాత. జాబితాలో ఎక్కించడానికి అచ్చయిన సంవత్సరం చూశాడు. వేళ్ళ మీద రెండుసార్లు లెక్కపెట్టాడు. స్కానరు ఆపేశాడు.

“అమ్మా, ఈ పుస్తకం ఆరేళ్ళ కిందట అచ్చయింది. అప్పటికి సారు పోయి మూడేళ్ళు.”

“అవును.”

“మరి ఈ రాత?”

“నాదే.”

అతను జాబితాను పైనుంచి కిందిదాకా చూశాడు. “ఇదొక్కటేనా?”

“అన్నీ నావే బాబూ. చదువుతూ రాసుకోవడం నాకు మొదటి నుంచీ అలవాటు. నేను చదువుకున్న పుస్తకాలు తూకానికి పోతుంటే చూస్తూ ఊరుకోమంటావా?”

“మరి సారు?”

“ఆయనకు సభలతోనే సరిపోయేది.”

“కొంప ముంచారమ్మా! రాతప్రతుల్లో ఉన్న చెయ్యే ఇదని ప్రొఫెసరుగారు సంతకం పెట్టేశారు. ఆ మూడో ముగింపు కూడా పక్కన పెట్టి మరీ చూశారు!”

ఆవిడ కొప్పులోంచి పెన్సిలు తీసి, మొన అరిగిందేమోనని చూసుకుంది.

“ఆ మూడో ముగింపు నేను ఇంకాస్త బాగా రాయాల్సింది.”