మసక మొగం

“ఆ మొగం తెర మీద కనబడకూడదు. బ్లర్ కొట్టెయ్!” అన్నాడు వెంకటపతి, మానిటర్ మీద వేలు పెట్టి.

వేలి కింద ఉన్నది ఆయన సొంత తమ్ముడు ఆదికేశవులు. వెంకటపతి కూతురు శరణ్య నిశ్చితార్థం వీడియో అది. రేపు పెళ్లి; ఈ సాయంత్రమే రిసెప్షన్‌లో దీన్ని పెద్ద తెర మీద వెయ్యాలి. నిశ్చితార్థం నాడు తాంబూలం పళ్లెం తనకంటే ముందు తమ్ముడు అందుకున్నాడని అన్నగారికి కోపం. ఆస్తి గొడవా కాదు, పాడూ కాదు, అంతే. అప్పటినుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

“బాగుండదేమో సార్. ఆయన కూడా వస్తారు కదా?” అన్నాడు ఎడిటర్ నందు.

“వస్తాడు. వాడు చూడాలనే కదా చెప్పేది! నీకు చేతగాకుంటే చెప్పు. ఈడ మద్రాసు పురసవాక్కంలో స్టూడియోలకేం కరువు?”

నందు మౌసు అందుకున్నాడు. సొంతంగా తెచ్చుకున్న మొదటి పని ఇది. ఇది చెడితే స్టూడియో యజమాని షీబా మేడమ్ ఉద్యోగం ఊడగొడుతుంది.

వెంకటపతి మండపానికి వెళ్లిపోయాడు. ఆయన తల్లి అమ్మణి మాత్రం కదల్లేదు. పని అయ్యాక నందుతోనే వస్తానంటూ పక్కనే కుర్చీ వేసుకుంది.

“ఆ బొమ్మల కింద చుక్కలేంది నాయనా?”

“కీఫ్రేములు మామ్మగారూ. మసక ఎప్పుడు, ఎక్కడ పడాలో అవే చెబుతాయి.”

ఇంతలో వెంకటపతి ఫోను. తను అందరికీ స్వాగతం చెబుతున్న వీడియో పంపాడట, దాన్ని మొట్టమొదట పెట్టాలట. నందు తల పట్టుకున్నాడు.

“ముందు ఒక ముక్క దూర్చితే వెనకవన్నీ జరపాలి మామ్మగారూ. క్లిప్పులతోపాటు ఈ చుక్కల్నీ కలిపి జరపాలి. చుక్కలు తప్పాయంటే ఒకరి మసక ఇంకొకరి మీద పడుతుంది.”

“అట్లనా! ఏదీ, నన్నొకసారి పట్టుకోనీ.”

ఆవిడ మౌసు లాక్కుని ఒక క్లిప్పును అటూ ఇటూ ఈడ్చి, చిన్నపిల్లలా నవ్వింది. నందు ఒక్క మీటతో దాన్ని మళ్లీ చోటికి తెచ్చాడు. అన్నిటినీ కలిపి జాగ్రత్తగా జరిపి, వీడియో నడిపించి చూసుకున్నాడు. ఆదికేశవులు దీవిస్తుంటే మసక, ఆ వెంటనే వెంకటపతి దీవిస్తుంటే శుభ్రంగా ఉంది. అమ్మయ్య అనుకున్నాడు.

“గొంతు ఎండిపోతా ఉండాది. ఒక కాఫీ తెచ్చిపెట్టు సామీ,” అంది అమ్మణి. నందు కిందికి పరుగెత్తి తెచ్చాడు. ఇంకోసారి చూసుకునే తీరిక లేదు. వీడియో తయారుచేసి, ఆవిడతో ఆటో ఎక్కాడు.

మండపం కిటకిటలాడుతోంది. తెర మీద ఆదికేశవులు కళ్లనిండా నీళ్లతో శరణ్యను దీవిస్తున్నాడు. మసక లేదు! ఆ తర్వాత వెంకటపతి వచ్చాడు. మెడ పైనంతా మసక. హాలు హాలంతా గొల్లున నవ్వింది. వెంకటపతి మొహంలో నెత్తురు చుక్క లేదు.

వెనక వరుసలోంచి ఆదికేశవులు లేచాడు.

“ఆపండ్రా! మా అన్న మొగం లేకుండా పెండ్లి వీడియో ఏందిరా? ఎవడు చేసింది? ముందు మా అన్నను సక్కగా చూపించండి!”

నవ్వులు ఆగిపోయాయి. వెంకటపతి తల దించుకుని వెనక వరుసదాకా నడిచివెళ్లి, తమ్ముణ్ణి చెయ్యి పట్టి వేదిక మీదికి లాక్కొచ్చాడు.

“రేపు ముహూర్తంలో పళ్లెం ముందు నువ్వే అందుకోవాల,” అన్నాడు. మండపం చప్పట్లతో దద్దరిల్లింది.

వెంకటపతి దిగి వచ్చి నందు భుజం తట్టాడు. “రేపటి పెండ్లి వీడియో కూడా నీదే. ఎవురికీ బ్లర్ ఒద్దు.”

నందుకు గాల్లో తేలుతున్నట్టుంది. అయినా మనసు ఒప్పుకోక అమ్మణి దగ్గరికి వెళ్లాడు.

“ఒట్టు మామ్మగారూ! నేను చుక్కల్ని క్లిప్పులతో కలిపే జరిపాను. మీరూ చూశారుగా!”

“చూసినా నాయనా. నువ్వు సరిగ్గానే జరిపినావు,” అంది అమ్మణి, వేదిక మీది కొడుకులిద్దర్నీ కళ్లారా చూసుకుంటూ. “నువ్వు కాఫీకి పోయినాక, ఉత్త చుక్కల్ని మాత్రం ఇంకొంచెం జరిపింది నేను.”