డబుల్ బెల్లు

“మోగింది కదా నాన్నా, లేవవేం?”

“ఒక్కసారే మోగిందిగా,” అన్నాడు తండ్రి, కుర్చీలో ఇంకాస్త సర్దుకుని కూర్చుంటూ.

కూతురు తలపట్టుకుంది. గంటసేపు కదలకుండా కూర్చుంటే మణికట్టు మీద జుయ్‌మనే బ్యాండు అది. మోగినప్పుడల్లా ఆయన లేచి నాలుగడుగులు వేస్తాడని కొని కట్టింది. డాక్టరు నాన్చకుండా చెప్పేశాడు. కాలి నరంలో ఒకసారి రక్తం గడ్డకట్టింది, మందులకు కరిగింది. ఇలాగే కూర్చుంటే మళ్లీ కడుతుంది, ఈసారి అది ఊపిరితిత్తుల్లోకి పోతే తానేమీ చేయలేనన్నాడు.

“ఒకసారి మోగితే ఏంటట?”

“సింగిల్ బెల్లు. ఆగమని. డబుల్ బెల్లు కొడితేనే కదిలేది. సర్వీసంతా బస్సు నడిపినవాణ్ణి, నాకు నేర్పుతావా?”

“ఇది బస్సు కాదు మహాప్రభో!”

“నాకు తెలీదా? నా కాళ్లకి తెలీట్లేదు. అది మోగగానే కుడికాలు దానంతటది బ్రేకు తొక్కుతోంది.”

నిజంగానే ఆయన కుడిపాదం నేలను గట్టిగా నొక్కిపెట్టి ఉంది. కూతురికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

ఆ బెల్లు వెనక పెద్ద గొడవే ఉంది. కండక్టర్ వెనక నుంచి తాడు లాగితే డ్రైవర్ తల పక్కన బెల్లు మోగేది. ఏళ్ల తరబడి ఇద్దరిదీ ఒకే బండి, ఒకే రూటు, ఒకే క్యారియర్లో భోజనం. చుట్టరికం ఏమీ లేకపోయినా “బావా” అంటే “బావా” అనుకునేవారు. జనం కిక్కిరిసి ఒకరి మొహం ఒకరికి కనబడకపోయినా, బెల్లు కొట్టే తీరును బట్టి బావ చిరాకులో ఉన్నాడో హుషారుగా ఉన్నాడో డ్రైవర్ చెప్పేసేవాడు. రిటైరయ్యే ముందు, జోరువానలో ఒక స్టాపు దగ్గర, ఎక్కుతున్న పెద్దావిడ ఇంకా మెట్టు మీద ఉండగానే బండి కదిలింది. ఆవిడ పడి చెయ్యి విరిగింది. డబుల్ బెల్లు విన్నానన్నాడు డ్రైవర్. నేను కొట్టలేదన్నాడు కండక్టర్, అదీ పై ఆఫీసరు ముందు. డ్రైవర్ని సస్పెండ్ చేశారు. ఆ రోజు నుంచీ, పక్కవీధిలోనే ఉంటున్నా, ఇద్దరికీ మాటల్లేవు.

“బెల్లు లేకుండా కదిలానని అంత మాటన్నాడు. ఇక బెల్లు లేకుండా చచ్చినా కదలను!” అనేవాడు తండ్రి. విన్నవాళ్లకు అది నవ్వులాట. కూతురికి మాత్రం గుండెల్లో రాయి పడేది.

ఆ సాయంత్రం ఆమె బ్యాండుతో చాలాసేపు కుస్తీ పట్టింది. తర్వాత ఎక్కడికో వెళ్లొచ్చి, “ఇదిగో, డబుల్ బెల్లు పెట్టించాను, సరేనా? నీ ఫోను మాత్రం చొక్కా జేబులోనే ఉండాలి, లేకపోతే ఇది పనిచేయదు,” అంది. ఫోను మోగి విసిగించకుండా సైలెంట్‌లో పెట్టింది. బ్యాండు మీద కనబడే చీమతలకాయంత అక్షరాలు ఆయనకు ఎలాగూ ఆనవు.

మర్నాడు మణికట్టు మీద జుయ్, జుయ్. లేచి నిలబడ్డాక గానీ తాను లేచిన సంగతి ఆయనకే తెలియలేదు.

“రైట్ రైట్!” అని వంటింట్లోంచి అరిచింది కూతురు.

మొదట్లో వరండా దాకా, తర్వాత గేటు దాకా, ఆ తర్వాత వీధి చివరి దాకా నడిచాడు. కాలి వాపు తగ్గింది. డాక్టరు బ్యాండును తెగ మెచ్చుకున్నాడు. డ్రైవర్‌కి మాత్రం అది మోగినప్పుడల్లా పాత రూటంతా కళ్లముందు తిరిగేది. పొద్దున్నే ఎక్కే పాల క్యాన్లు, కిటికీ సీటు కోసం బడిపిల్లల కొట్లాటలు, వాటన్నిటి మీదుగా బావ గొంతు: “ముందుకు జరగండి బాబూ, ముందంతా ఖాళీయే!” ముందు సూది మోపే చోటుంటే ఒట్టు. ఎంత హాయిగా ఉండేవి ఆ రోజులు!

“ఏంటి నాన్నా, నీలో నువ్వే నవ్వుకుంటున్నావు?”

“మీ మావయ్య గుర్తొచ్చాడు. వెధవ, ఎన్ని అబద్ధాలాడేవాడో!” అనేసి నాలిక్కరుచుకున్నాడు.

“వెళ్లి పలకరించొచ్చుగా?”

“వాడే రావచ్చుగా?”

“తుంటి ఎముక విరిగిన మనిషి ఎలా వస్తాడు నాన్నా?”

“ఏంటీ! ఎప్పుడు?”

“చాన్నాళ్లయింది. ఆయన పేరెత్తితే నువ్వు కసురుతావని చెప్పలేదు.”

ఆయన ఆ పూట సరిగా అన్నం తినలేదు. బావ మీద అంత బెంగ తనలో ఉందని ఆయనకే తెలీదు. మర్నాడు ఉదయం వీధి చివర వెనక్కి తిరగకుండా పక్కవీధిలోకి నడిచాడు. ఆ వానచప్పుడులో నాకేం వినబడిందో నాకే సరిగ్గా తెలీదు బావా, అని చెప్పాలి. దారంతా అదే మాట నోట్లో తిప్పుకున్నాడు.

కండక్టర్ భార్య తలుపు తీసి నోరెళ్లబెట్టింది.

“అన్నయ్యా! మీరేనా! ఉండండి, ఆయనకు చెప్తాను.”

“వద్దు చెల్లెమ్మా, నేనే వెళ్తా. తిడితే పడతా.”

గది గుమ్మంలో ఆగిపోయాడు. కండక్టర్ ఇటు వీపు పెట్టి, గోడగడియారం కేసి చూస్తూ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎంత చిక్కిపోయాడు! పొద్దస్తమానం నిలబడే మనిషిని అలా చూసేసరికి డ్రైవర్‌కి ఏడుపొచ్చింది, చొక్కా చేతితో కళ్లొత్తుకున్నాడు. గడియారం పెద్దముల్లు పన్నెండు మీదికి వచ్చింది. కండక్టర్ ఒళ్లో ఉన్న ఫోను తీసి ఏదో నంబరు నొక్కాడు. దాన్ని చెవికి పెట్టుకోకుండా, వెంటనే కట్ చేయడానికి బొటనవేలు సిద్ధంగా ఉంచుకున్నాడు.

డ్రైవర్ మణికట్టు మీద డబుల్ బెల్లు మోగింది.