పోలికకి ఒక మనిషి

“రెండు ఫిల్ములూ తారుమారు చేశారు,” అంది డాక్టరు, స్కానింగ్ గది తలుపు తోస్తూనే.

టెక్నీషియన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “ముప్ఫై ఏళ్ళ సర్వీసు మేడమ్. ఆ పని నేనెప్పుడూ చెయ్యలేదు.”

“అయితే బాక్సరు మెదడేమో కడిగిన ముత్యంలా ఉండి, వాళ్ళావిడ మెదడు నిండా పాతదెబ్బల మచ్చలేంటి?”

తలకి పదేపదే దెబ్బలు తిన్నవాళ్ళు ఏళ్ళు గడిచాక ఏమవుతారన్నది డాక్టరు పరిశోధన. ఒక్కో బాక్సరుకీ పోలిక కోసం వాళ్ళింట్లోంచే ఒక మనిషిని తీసుకుంటారు. అదే ఇల్లు, అదే తిండి, ఇంచుమించు అదే వయసు. దెబ్బలొక్కటే తేడా. కాగితం మీద పద్ధతి చక్కగానే ఉంది.

“ఇంకోసారి తీద్దాం. మీదే తప్పని తేలితే పైకి రాయక తప్పదు,” అందామె.

టెక్నీషియన్ రిటైర్మెంటుకి మూడు నెలలే ఉంది. అతను వాళ్ళ ఫోన్ నంబరు వెతికాడు.

మళ్ళీ పిలిస్తే మాజీ బాక్సరు నవ్వుకుంటూ వచ్చాడు, వెనకాలే భార్య.

“తలమీద దెబ్బ పడనిస్తే కదండీ. ఓడినా పాయింట్ల మీదే ఓడేవాణ్ణి. ఇక మా ఆవిడంటారా, టీవీలో పోటీ వస్తేనే లేచి వంటింట్లోకి పోతుంది.”

ముందు ఆవిణ్ణి పడుకోబెట్టారు. డాక్టరు దగ్గరుండి తెర చూసింది. అవే మచ్చలు. టెక్నీషియన్ పెద్దగా ఊపిరి వదిలి బాక్సర్ని లోపలికి పిలిచాడు.

డాక్టరు కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చుంది. ఆవిడ ఫారంలో ‘తలకి తగిలిన దెబ్బలు’ అన్నచోట మొదటిరోజు తనే సున్నా చుట్టేసింది, అడగనైనా అడగలేదు. ఇప్పుడది చూస్తే సిగ్గేసింది.

“ఎప్పుడైనా మెట్లమీంచి పడ్డారా అమ్మా?”

“లేదమ్మా.”

“యాక్సిడెంటేమైనా?”

“అబ్బే.”

“మరి తలకి దెబ్బలు ఎన్నిసార్లు తగిలాయి?”

ఆవిడ అద్దంలోంచి అవతలి గదిలోకి చూసింది. యంత్రం దడదడలాడుతోంది. లోపలున్న మనిషికి బయటి మాట వినపడదు.

“అంకెలు నాకు గుర్తుండవమ్మా. ఆయన ఓడిన పోటీలు ఎన్నని రాసుకున్నారు?”

డాక్టరు కాగితం తిరగేసింది. “పదిహేడు.”

“నాకూ అదే వేసుకోండి.”