వెచ్చటి గది

మధ్యాహ్నం నుంచీ ఆవు నొప్పులు పడుతోంది. బయట ముసురు పట్టింది.

పశువుల డాక్టరు చొక్కా చేతులు భుజాల దాకా మడిచి కొట్టంలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. పెద్దాయన లైటు పట్టుకున్నాడు. ఆఫీసులో సెలవు దొరకదని ఎప్పుడూ చెప్పే కొడుకు ఇవాళ సెలవు పెట్టి వచ్చి, ఫోన్లో వీడియో తీస్తున్నాడు.

ఆవుది బూడిద రంగు, పొట్టి కాళ్లు, కళ్ల చుట్టూ కాటుక దిద్దినట్టు నల్లటి గీత. ఒకప్పుడు చుట్టుపక్కల ప్రతి కొట్టంలోనూ ఆ జాతి ఆవులే. పాలు చాలవని అందరూ అమ్ముకున్నారు. పెద్దాయన అమ్మలేదు. ఆ జాతిలో ఈనే ఆవు ఇప్పుడు అదొక్కటే మిగిలింది.

"ఒకవేళ మగదైతే?" అన్నాడు పెద్దాయన.

"మగవాటి బీజం మా దగ్గర నిల్వ ఉందండీ. కావలసింది పెయ్యే. ఇది ముసలిదైపోయింది, మళ్లీ చూలు కట్టదు. ఆడది పుట్టకపోతే ఇక ఫొటోల్లో చూసుకోవడమే."

కోడలు వేడినీళ్ల బిందె తెచ్చింది. గుమ్మం దగ్గర దించి, గోడ పట్టుకుని ఊపిరి తీసుకుంది.

"వంటింట్లోంచి ఇక్కడికి ఎంత దూరమనీ," అంది అత్తగారు. "ఆ మెత్తటి పాత గుడ్డలు పట్రా."

"అన్నీనా అత్తయ్యా?"

"అన్నీ. దూడను తుడవొద్దూ?"

గుడ్డలు తెచ్చి ఇచ్చాక కోడలు భర్త పక్కకి వెళ్లింది. "ఒక్కసారి లోపలికి రాకూడదూ?" అంది మెల్లగా.

"ఇప్పుడా? నీకు వేళాపాళా లేదు," అన్నాడతను, ఫోన్ మీంచి చూపు తిప్పకుండా.

ముందు గిట్టలు కనిపించాయి. తర్వాత మూతి. "ఇంకొంచెం ఓర్చుకో తల్లీ," అంటూ డాక్టరు లాగాడు. దూడ జారి గడ్డి మీద పడింది. ఆయన దాని ముక్కులోని జిగురు తీసి, తోక ఎత్తి చూశాడు.

"పెయ్యే."

పెద్దాయన తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. ఆయన కంట తడి చూడటం భార్యకే కొత్త. ఆవిడ అప్పటికే ఫోన్ అందుకుంది.

"వదినా, మా ఇంట మహాలక్ష్మి పుట్టింది. ఆ, ఆడదే. అచ్చం తల్లి పోలిక, అవే కళ్లు. రాసిపెట్టి ఉండాలి వదినా, అందరికీ పుడతాయా."

"పేరు చూడాలి మరి," అన్నాడు డాక్టరు చేతులు కడుక్కుంటూ.

"చూసేదేముంది, కాటుక," అన్నాడు కొడుకు. "చూలు నిలిచిన రోజే అనుకున్నాం."

అందరూ నవ్వారు. డాక్టరు మాత్రం దూడ చెవులు తాకి చూసి నవ్వు ఆపేశాడు. అది వణుకుతోంది.

"నెల తక్కువది. ఒంట్లో వేడి నిలవడం లేదు. ఈ కొట్టంలో ఉంచితే తెల్లారేసరికి ఉంటుందని చెప్పలేను. ముర్రుపాలు పిండి సీసాతో పట్టండి. గాలి తగలని గది ఏదైనా ఉందా?"

"ఉంది," అన్నారు పెద్దాయనా, ఆయన భార్యా ఒకేసారి.

ఆ ఇంట్లో అలాంటిది ఒకటే, వంటింటి పక్క గది. పెద్దాయన కోడలి వైపు తిరిగాడు.

"అమ్మాయ్, ఆ గది కాస్త ఖాళీ చెయ్యమ్మా. నాలుగు రోజులు వసారాలో సర్దుకుందువుగాని. ఒక వంశం నిలబడే విషయం."

"వసారాలో చలిగా ఉంది మామయ్యా."

"అందుకేగా గది అడుగుతున్నాను."



కోడలు లోపలికి వెళ్లి, పక్కబట్టలు మడిచి, పుట్టి వారమైనా ఇంట్లో ఎవరూ పేరు ఊసెత్తని తన ఆడపిల్లను చీర కొంగులో చుట్టుకుని వసారాలోకి వచ్చింది.