ఆదివారం పాఠం

"అమ్మా, యేసు కూడా చిన్నప్పుడు సైనికులకి దొరక్కుండా పారిపోయాడట, తెలుసా?"

కుట్టుమిషన్ తొక్కుతున్న దర్జీ తల్లి కాళ్లు టక్కున ఆగిపోయాయి.

"ఎవర్రా చెప్పింది?"

"తెల్లచొక్కా తాతయ్య."



తెల్లచొక్కా అంటే వీధి చివర కొత్తగా దిగిన ముసలి వడ్రంగి. వారమంతా రంపప్పొట్టులో మునిగి ఉంటాడు. ఆదివారం మాత్రం తెల్లచొక్కా తొడుక్కుని, నల్ల టై కట్టుకుని, ఆ కొట్లోనే పిల్లల్ని కూర్చోబెట్టి పాఠం చెబుతాడు. మోర్మన్ అనే క్రైస్తవ సంఘమట. టీ తాగడు, కాఫీ తాగడు, సిగరెట్ ముట్టడు.

"ఇవేవీ లేకుండా మనిషన్నవాడు ఎలా బతుకుతాడమ్మా, ఇన్ఫార్మర్ అయితే తప్ప!" అంది పక్కింటి రొట్టెల ఆవిడ.

అందరూ నవ్వారు. దర్జీకి మాత్రం నవ్వు రాలేదు.

చుట్టుపక్కల ఊళ్లలోకి తుపాకులవాళ్ల జీపులొస్తున్నాయి. పదేళ్లు దాటిన మగపిల్లల్ని ఎక్కించుకుపోయి చేతికి తుపాకీ ఇస్తున్నారు. ఆమె కొడుక్కి పదకొండు. తండ్రి లేని పిల్లాడు.

మిషన్ అలాగే వదిలేసి వడ్రంగి కొట్టుకి వెళ్లింది.

"ఏమండీ, మావాడికి ఏం నూరిపోస్తున్నారు?"

చిత్రిక పడుతున్న ముసలాయన తలెత్తాడు.

"ప్రభువు చిన్నతనం చెబుతున్నానమ్మా, మావాళ్లు చెప్పుకునే తీరులో. ఆయన ఒక్కసారిగా పరిపూర్ణుడు కాలేదు. కృప వెంట కృప అందుకుంటూ పెరిగాడు. తండ్రి చేతికింద పని చేశాడు. తన సమయం వచ్చేదాకా ఓపిక పట్టాడు."

"అంతవరకైతే సరే. ఎవరో ముసలాయన్ని చంపేశారని కూడా చెప్పారట?"

"జెకర్యా అమ్మా. ప్రభువు చుట్టం, బాప్తిస్మమిచ్చిన యోహాను తండ్రి. రాజు పసివాళ్లని చంపిస్తుంటే, బిడ్డని తల్లికిచ్చి కొండల్లోకి పంపేశాడు. సైనికులొచ్చి ఎక్కడ దాచావని అడిగారు. చెప్పలేదు. దేవాలయంలో, బలిపీఠం దగ్గరే ప్రాణం తీశారు. మా మొదటి ప్రవక్త అలా బోధించారు."

చెబుతుంటే ఆయన గొంతు వణికింది. ఆమెకి అది దొంగ వణుకులా తోచింది.

"ఈ రోజుల్లో పిల్లలకి చెప్పే కథలా ఇవి? జడుసుకుని జ్వరం తెచ్చుకుంటే ఎవరు చూస్తారు?"

"పిల్లల కోసం కాదమ్మా," అన్నాడాయన తల దించుకుని. "నాకు నేను చెప్పుకుంటున్నా."

"ఇకమీదట మావాడు ఇటు రాడు."

"మీ ఇష్టమమ్మా."

మూడో రోజు, మిట్టమధ్యాహ్నం, వీధిలోకి జీపు వచ్చింది.

దర్జీ కత్తెర పడేసి పరిగెత్తింది. కొడుకు ఇంట్లో లేడు. పెరట్లో లేడు. రొట్టెల ఆవిడ దగ్గరా లేడు. పేరు పెట్టి పిలుద్దామంటే జీపువాళ్లకి వినపడుతుంది.

కిటికీ రెక్క సందులోంచి చూసింది.

జీపు దిగిన నాయకుడు ఇరవై దాటీ దాటని కుర్రాడు. అతనికి ఎదురుగా తెల్లచొక్కా నిలబడి ఉన్నాడు. ఎన్నాళ్ల పరిచయమో అన్నట్టు అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"పిల్లలే కదా మీకు కావాల్సింది? పదండి, చూపిస్తాను."

ఎవరూ లాగకుండానే జీపెక్కి ముందు సీట్లో కూర్చున్నాడు. జీపు దుమ్ము రేపుకుంటూ పాత మిల్లు వైపు పోయింది.

"నీ నోట్లో మన్ను పడ! నా బిడ్డని పట్టిచ్చేశావు కదరా!"

చెప్పుల్లేకుండానే వీధిలో పడింది. మిల్లు దారి పట్టబోతూ వడ్రంగి కొట్టు దగ్గర ఆగిపోయింది.

గోడకి చేరేసిన చెక్కల వెనక ఎవరో తుమ్మారు.

గోళ్లు విరిగిపోతున్నా చెక్కలు లాగింది. ఒకరి మీద ఒకరు ఒదిగి ఐదుగురు పిల్లలు. అందరికంటే లోపల ఆమె కొడుకు.

"వీధిలో ఆడుకుంటుంటే జీపు మలుపు తిరిగింది," అన్నాడు వాడు గుసగుసగా. "తాతయ్య మమ్మల్ని లాక్కొచ్చి ఇందులోకి తోశాడు. ఊపిరి కూడా గట్టిగా తీయొద్దన్నాడమ్మా."

ఆమె అక్కడే పొట్టులో చతికిలబడింది.

ఆ పూటే తల్లులు పిల్లల్ని ఇటుకల బండిలో కొండ అవతలికి దాటించేశారు.

తెల్లచొక్కా తిరిగి రాలేదు. ఏ బండి చప్పుడైనా ఆమె సూది చేతిలో ఆగిపోయేది. ఆయన నోరు విప్పితే జీపు ముందు వచ్చేది తన గుమ్మానికే.

నాలుగో రోజు గుమ్మంలో ఆ కుర్ర నాయకుడు నిలబడ్డాడు. జీపు లేదు, వెంట ఎవరూ లేరు.

"మా వాడు ఇక్కడ లేడు బాబూ," అంది లేని ధైర్యం తెచ్చుకుని.

"పిల్లాడి కోసం రాలేదు. మిల్లు వెనక ఆ వడ్రంగి ఉన్నాడు. ప్రాణం లేదు. పై అధికారి ఊళ్లో లేడు, ఈలోగానే తీసుకెళ్లి పూడ్చిపెట్టండి."

ఆమె కుడుతున్న గుడ్డ పక్కన పెట్టి లేచింది.

"ఖాళీ మిల్లంతా తిప్పి చూపించాడు. మోసమని తెలిశాక, పిల్లల్ని ఎక్కడ దాచావని మావాళ్లు రెండు రోజులు అడిగారు. చెప్పలేదు."

"అయ్యో... ఆయన్ని నేను ఎన్ని మాటలన్నాను!" కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు చూసింది, ఆ కుర్రాడి కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. "ఆయన నీకు ఏమవుతాడు బాబూ?"

అతను వెనుదిరిగి, గుమ్మం మెట్టు మీద ఆగాడు.

"మా నాన్న," అన్నాడు. "నా పదకొండో ఏట వీళ్లు ఇలాగే జీపులో వచ్చి అడిగితే, నేనెక్కడ దాక్కున్నానో చూపించింది ఆయనే."