ఆరు కొవ్వొత్తుల చిత్రం

ముసలమ్మ వచ్చి గిలిస్ పక్కనున్న కొవ్వొత్తిని మళ్ళీ ఆర్పేసింది.

పొద్దుటి నుంచి ఇది మూడోసారి.

గిలిస్ కుంచె కింద పెట్టేశాడు. పూజాపీఠం మీద ఆరు కొవ్వొత్తులూ వెలుగుతూనే ఉన్నాయి. చీకటి పడింది అతని చిత్రం మీదే.

డెల్ఫ్ట్ పట్నంలో కాథలిక్కుల ప్రార్థన మీద నిషేధం ఉంది, అది వీధికి కనపడకూడదు. అందుకే వాళ్ళ చిన్న ప్రార్థనామందిరం, ఆ చాపెల్, ఒక ఇంటి అటక మీద ఉంది. కిటికీలు తెరవరు. మిట్టమధ్యాహ్నమైనా కొవ్వొత్తులే దిక్కు.

ఆ వెలుగును గీసివ్వమన్నాడు జవుళి వర్తకుడు హుబ్రెక్ట్. నచ్చితే ఏడాదికి సరిపడా పని ఇస్తాడు. నచ్చకపోతే గిలిస్ మళ్ళీ పింగాణీ పలకల బట్టీకి పోవాలి. అక్కడ పన్నెండేళ్ళు పలకల మీద నీలి పడవలు గీశాడు. నీలం తప్ప మరో రంగు ముట్టుకోలేదు.

"బయట మెట్ల దగ్గర కిటికీ ఉంది. అక్కడ కూర్చుని గీసుకో బాబూ," అంది అవ్వ.

"గీయాల్సింది ఇక్కడుంటే మెట్ల మీద నాకేం పని?"

"తలుపుకి చిల్లుంది కదా. అందులోంచి చూడు."

"తొంగిచూడ్డానికి నేనేమన్నా దొంగనా? నీ మైనం కరిగిపోతోందని చెప్పు, ఒప్పుకుంటాను."

చాపెల్ పనులు చూసుకునే అలైదా అవ్వ మెట్ల వైపు ఒకసారి చూసి, వంటింట్లోకి వెళ్ళింది.

నాలుగోసారి ఆర్పినప్పుడు గిలిస్ పాదిరిగారి దగ్గర మొరపెట్టుకున్నాడు. చిత్రం పూర్తయ్యేదాకా వంటింట్లోనే ఉండమని ఆయన ఇబ్బందిపడుతూనే ఆమెకు చెప్పారు. ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత అతన్ని ఎవరూ కదిలించలేదు. అయినా మెట్లు చప్పుడైతే చాలు, చెయ్యి ఆగిపోయేది. తిట్టుకోవడానికి మనిషి లేకపోయేసరికి ఆ చిరాకంతా అతని లోపలే తిరిగింది. కొవ్వొత్తి వెలుగులో పసుపు ఎంత వేసినా తెల్లగా తేలిపోతుంటే, పంతం పట్టి ఇంకా పూశాడు.

వారం తర్వాత హుబ్రెక్ట్ తన ఇంట్లో ఆ చిత్రాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు.

"ఏవయ్యా, మీ పాదిరికి పచ్చకామెర్లా?"

పగటి వెలుగులో పీఠం, గోడ, పాదిరి ముఖం అన్నీ ఒకటే పసుపు.

హుబ్రెక్ట్ కోప్పడలేదు. చిత్రం వద్దని చెప్పి, గోడకున్న మరో చిత్రం చూపించాడు. కీర్తిశేషుడైన చిత్రకారుడు రాంబెక్ చివరి పని అది. అదే అటక, అవే ఆరు జ్వాలలు. పీఠం మీది గుడ్డ దాదాపు బూడిదరంగు. అయినా గదంతా వెచ్చగా ఉంది. దృశ్యం చుట్టూ నల్లటి గుండ్రని అంచు.

ఆ అంచు తలుపు చిల్లుదని, చిత్రాన్ని మెట్ల దగ్గరి కిటికీ వెలుగులో గీశారని గిలిస్‌కి అర్థమైంది. పగటి వెలుగులో కలిపితేనే రంగు నిజం చెబుతుంది.

అతను చాపెల్‌కి దాదాపు పరుగెత్తాడు. వంటింట్లో ఎవరూ లేరు. ఆమె మంగళవారమే పడవెక్కి మేనకోడలి ఊరు వెళ్ళిపోయిందని, ఇక తిరిగి రానందని పాదిరిగారు చెప్పారు.

"రాంబెక్‌గారు గీస్తుంటే అవ్వ పక్కనుండి చూసిందా అండీ?"

పాదిరిగారు తల అడ్డంగా ఊపారు.

"ఆయనకి అప్పటికే చూపు పోయింది నాయనా. చిత్రమంతా తానే గీసి, చివర్లో ఆయన వేళ్ళ మధ్య కుంచె పెట్టి, చెయ్యి పట్టుకుని ఆయన సంతకం చేయించింది కూతురు అలైదా."