మూడు డొప్పల జావ

బోనులో నిలబడ్డ కోసికి జడ్జిగారి హిందీ అర్థం కాలేదు. పక్కనున్న దుబాసీ దాన్ని తెలుగులోకి మార్చాడు.

"ఆ దినం నీ ఇంటికి ఎవరొచ్చిన్రు?"

"దాదా వచ్చిండు. మూడు డొప్పలు జావ తాగిండు. పోయిండు."

ఆరేళ్ల కిందట ఠాణాలో చెప్పిందీ ఇదే. ఒక్క మాట అటూ ఇటూ లేదు. ఆ మాట మీదే ఆమె మొగుడు పొజ్జాను జైల్లో వేశారు. బస్తర్ ఊళ్లలో దాదా అంటే అన్న. ఠాణాలో మాత్రం దాదా అంటే అడవిలో తుపాకీ పట్టినవాడు. ఆ వేళ కాగితం రాసిన మున్షీకి రెండో అర్థం ఒక్కటే తెలుసు.

పొజ్జా జైలుకు పోయేనాటికి కోసికి నెలలు నిండాయి. అప్పుడు పుట్టిన కూతురు గంగే తండ్రిని జైలు జాలీ అవతల తప్ప చూడలేదు. పోయిన ములాఖత్‌లో అతని నోట మాటలకంటే దగ్గే ఎక్కువ వచ్చింది. ఈ వానాకాలం దాటుతాడో లేదో అని కోసి బెంగ.

పొజ్జా తరఫు వకీలు శ్రీరంగం లేచాడు.

భోపాల్‌పట్నంలో ఆయన గురించి అడిగితే జనం మూడు వేళ్లు చూపిస్తారు. వకీలు, రాయబారి, గవర్నరు. చదువుకుని వకీలయ్యాడు. ఇంద్రావతికి అటూ ఇటూ పశువుల తగాదాలూ పెళ్లి తగాదాలూ తెంపి రాయబారి అయ్యాడు. గవర్నరు మాత్రం ఎగతాళికి పెట్టిన పేరు. ఎన్నికల్లో నిలబడితే అడవిలోవాళ్ల చేతిలో ప్రాణం దక్కదని అందరూ తలుపులేసుకున్న ఏడాది ఆయనొక్కడే నామినేషన్ వేశాడు. పోటీ లేకుండా గెలిచి, జనపద్ పంచాయతీ అధ్యక్షుడై, అయిదేళ్లు తెల్ల జీపులో తిరిగాడు. ఏం గుండెరా నాయనా అని ఊరు ముక్కున వేలేసుకుంది.

ఆ పదవి నిరుడు పోయింది. దిగిన వారానికే పెట్టె అడుగున పడున్న నల్లకోటు దులిపి తొడుక్కున్నాడు. అప్పటినుంచీ వాదిస్తున్నది ఈ ఒక్క కేసే. ఇంకెవరు వచ్చినా వేరే వకీలు దగ్గరికి పంపేస్తాడు. ముసలితనంలో పుణ్యం మీద మోజు పుట్టిందని కోర్టు వరండాలో నవ్వుకుంటారు.

"హుజూర్, మా వైపు దారినపోయే మగవాణ్ణి ఎవరినైనా దాదా అనే పిలుస్తారు. ఈమె నన్ను కూడా దాదా అనే అంటుంది. అంత మాత్రాన నేనూ అడవిలోవాణ్ణేనా?"

కోర్టులో నవ్వులు. జడ్జిగారు కూడా నవ్వారు.

"దూరం నడిచి అలసిపోయి వచ్చాడు ఒక మనిషి. దాహమన్నాడు. ఉప్పురాయి కూడా లేని చప్పటి జావ పోశారు హుజూర్. అదా నేరం?"

కోసి తలెత్తి ఒకసారి ఆయన వంక చూసింది. మళ్లీ దించుకుంది.

జడ్జిగారు కళ్లద్దాలు తీశారు. చెడ్డ మనిషేమీ కాదు.

"సరే వకీల్ సాబ్, అన్న అనే అనుకుందాం. ఆ అన్నకు ఒక పేరుంటుంది కదా. అతను ఇక్కడికొచ్చి, తాగింది నేనే అని ఒక్క మాట చెప్పనివ్వండి. ఈ క్షణమే బెయిలు ఇస్తాను."

దుబాసీ కోసి వైపు తిరిగాడు. "ఆ మనిషి పేరేంది?"

కోసి తిరిగే ఫ్యాను వైపు చూసింది. "తెల్వదు."

ఎదురు బోనులో ఉన్న పొజ్జాను అడిగారు. దగ్గు తెరలు ఆగాక అతనూ అదే అన్నాడు. "తెల్వదు సాబ్."

ఇద్దరూ అబద్ధమాడుతున్నారని కోర్టు గోడలకు కూడా తెలిసిపోయింది. ఆ పేరు దాచి వీళ్లు ఏం బావుకుంటారో ఎవరికీ అంతుబట్టలేదు.

శ్రీరంగం నోరు తెరిచాడు. జడ్జిగారు కలం పట్టుకుని ఎదురుచూశారు. ఆయన చేతిలో కాగితాలు మడిచాడు.

"ఇంకో తారీఖు ఇప్పించండి హుజూర్."

రెండు నెలల తర్వాతకు వేశారు. అది వానాకాలం మధ్యలో పడింది.

సిపాయిలు పొజ్జాను బండి ఎక్కించారు. గంగే గేటు దాకా పరిగెత్తి ఆగిపోయింది. శ్రీరంగం కోర్టు మెట్ల మీద కూలబడ్డాడు. కోటు గుండీ విప్పుకున్నాడు. ఎదురుగా వచ్చి కూర్చున్న కోసి మొహం చూడలేకపోయాడు. చాలా బాధగా ఉంది ఆయనకు. బాధపడటం తప్ప ఇంకేమీ చెయ్యలేనని ఆయనకు తెలుసు.

"నాతోటి అయితలేదు చెల్లే," అన్నాడు.

కోసి భుజాన వేలాడే సొరబుర్ర దించింది. ఆకు మడిచి డొప్ప చేసింది. జావ పోసి ఆయన చేతికిచ్చింది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని గొంతు తగ్గించింది.

"తాగు దాదా, ఇయ్యాల ఉప్పేసిన, ఎలచ్చన్ల ముంగట అడవి లోపలోళ్ల కాడికి రాయబారం పోతా మా ఇంట్ల ఆగిన దినం నువ్వు చెప్పొద్దన్నవు గద, నీ పేరు మేమిద్దరం సచ్చినా చెప్పం."